గుడిసె గుమ్మంలో చెంబుడు నీళ్ళు

చలి అంటే ఏమిటో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. డిసెంబరులో అరకు వెళ్ళి ముసుగు తన్ని పడుకున్నవాణ్ణి కదా! పైగా మమ్మల్ని ట్రైనింగుకి సోవియట్ దేశం పంపుతున్నారని తెలిసిన వారమే మా బావ నన్ను ఫిషింగ్ హార్బరుకి లాక్కెళ్ళి, తెలిసినవాణ్ణి బతిమాలి, రొయ్యలు దాచే కోల్డు రూములో నిలబెట్టి తలుపు వేయించాడు. నా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, "అలవాటైపోద్ది బావా, అక్కడా ఇంతే ఉంటాది," అన్నాడు. ఇంతే ఉంటుందట! ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అవి ఎనభైల మొదటి రోజులు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ పనులు సాగుతున్నాయి. బావా నేనూ ఇద్దరం అందులో మెకానిక్కులం. బావ అంటే మా అక్క మొగుడు; ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. ఎలమంచిలి దగ్గర పల్లెలో నాగలి పట్టి, తర్వాత పానా పట్టినవాడు. వాళ్ళ కాపురం గోపాలపట్నంలో. నా మకామూ అక్కడే. ఆ ఇంటి గేటు పక్కన ఒక నీళ్ళ డ్రమ్ము, దాని మూత మీద ఒక చెంబు ఎప్పుడూ ఉండేవి. కాళ్ళు కడుక్కోనిదే మా అక్క ఎవర్నీ గడప తొక్కనిచ్చేది కాదు. చుట్టాలైనా అంతే, డాక్టరైనా అంతే. నాకు పిల్లనిస్తామని వచ్చిన ఒక పెద్దమనిషి చేత కూడా బూట్లూ మేజోళ్ళూ విప్పించింది. ఆయన మళ్ళీ మా వీధిలో కనపడలేదు.

ప్రయాణం నాడు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరే, ఆ మనిషికి బుర్ర కన్నా అలవాటే ముందు నడుత్తాది. నువ్వే సూసుకోవాల. ఎలా పంపుతన్నానో అలా నాకు తెచ్చియ్యాల," అంది. అంటూనే బావ పెట్టెలో ఒక స్టీలు చెంబు సర్దింది. ఆ దేశంలో చెంబులు దొరుకుతాయో లేదోనని ఆవిడ బెంగ.

మమ్మల్ని వేసింది మ్యాపులో ఇంక పైన ఏమీ కనపడని చోట, ఒక ఇనుప గని ఊళ్ళో. అక్కడ చలికాలంలో కొన్ని వారాలు సూర్యుడే రాడు. మధ్యాహ్నం పూట ఒక గంటసేపు ఆకాశం నీలంగా తేటపడినట్టయ్యి మళ్ళీ చీకటి పడిపోతుంది. నేను మొదటి రోజు గడియారం చెడిపోయిందనుకుని పక్కవాణ్ణి అడిగాను. అతను నా మొహం అదోలా చూశాడు. తిండి చూస్తే బంగాళాదుంప, క్యాబేజీ, మళ్ళీ బంగాళాదుంప. సముద్రం పక్కన పుట్టినవాళ్ళం, చేప కోసం ప్రాణం లాగేసేది.

మాకు పని నేర్పే ముసలి ఫోర్‌మన్ అది కనిపెట్టి, సెలవు రోజుల్లో వేటగాళ్ళు దిగే గుడిసె ఒకటుంది రండి, పక్క చెరువులో చేపలు పడదాం అన్నాడు. వచ్చీరాని భాషలో నేను తర్జుమా చేసి చెప్పగానే బావ లేచి నిలబడ్డాడు. "సేపలా? ఎన్నాళ్ళైంది బావా!" అన్నాడు. మంచు బండి మీద సగం రోజు వెళ్ళాం. దారిలో ఊరు లేదు, కుక్క లేదు, కాకి లేదు.

గుడిసె అంటే దుంగలు పేర్చి కట్టిన ఒకే ఒక్క గది. మధ్యలో ఇనుప పొయ్యి. తలుపుకి తాళం లేదు సరికదా, తాళం వేసే గొళ్ళెమే లేదు. లోపల ఎండుకట్టెలు, అగ్గిపెట్టె, ఉప్పు, గోధుమ పిండి సిద్ధంగా ఉన్నాయి. ఎవరు పెట్టారని అడిగితే, ముందు ఉండి వెళ్ళినవాళ్ళు, ఎవరో తెలీదు అన్నాడు ముసలాయన. మనం వెళ్ళేటప్పుడు మనమూ పెట్టాలట. మా పక్క అయితే సామాను మాట దేవుడెరుగు, ఆ తలుపు కూడా మిగిలేది కాదు.

మర్నాడు పొద్దున ముసలాయన గడ్డకట్టిన చెరువుకి కన్నం వెయ్యడానికి ముందు వెళ్ళాడు. నేను పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాను. బావ బక్కెట్టుతో వేణ్ణీళ్ళు తీసి గుమ్మం బయట మెట్టు మీద పెట్టుకుని, చెంబుడు నీళ్ళు ముంచుకుని, వెనకాల ఉన్న పాయిఖానా కొట్టుకి వెళ్ళాడు. ఆ దేశంలో కాగితంతో సరిపెట్టుకోవడం మా ఇద్దరికీ చేతకాలేదు. అంతవరకూ నాకు అర్థమైంది. బక్కెట్టు ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

కాసేపటికి బయట నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. తర్వాత తలుపు మీద దబదబా.

"తలుపు తియ్యి బావా!"

"గడియ నేదు, తోసుకుని రా," అని అరిచాను.

"తోత్తన్నాను! రాట్నేదు!"

నేను విసుక్కుంటూ వెళ్ళి లాగాను. తలుపు కదల్లేదు. కింద చూస్తే, గడప సందులోంచి లోపలికి జారిన నీళ్ళు అద్దంలా గడ్డకట్టి, తలుపునీ గడపనీ ఒకటి చేసేశాయి. "బావా, ఏటి సేసావు?" అన్నాను. "కాళ్ళు కడుక్కున్నాను," అన్నాడు. అంతకన్నా మామూలు సంగతి లోకంలో లేనట్టు చెప్పాడు. ముందు ఎడమకాలి ఉన్ని బూటు విప్పి పక్కన పెట్టి, బక్కెట్టు మీద మీగడలా కట్టిన మంచుని చెంబుతో పగలగొట్టి మరీ పోసుకున్నాడట! ఆ నీళ్ళు తాగిన బూటు మెట్టుకి అతుక్కుపోయింది. కుడి కాలు ఇంకా విప్పలేదు కాబట్టి బతికింది.

గొడ్డలి బయట కట్టెల దగ్గర ఉంది. నాకు దొరికింది పొయ్యి ఎగదోసే ఇనుప ఊస ఒక్కటే. దాంతో గడపని పొడుస్తూ ఆ గడ్డనీ, బావనీ, ఆ చెంబునీ, చెంబు సర్దిన మా అక్కనీ కలిపి తిట్టాను. నా జన్మలో అంత భయం ఎరగను. మొదట్లో బావ కూడా తిరిగి తిట్టాడు. తర్వాత మాట్లాడ్డం మానేశాడు. అది మరీ భయపెట్టింది.

తలుపు ఊడి వచ్చేసరికి బావ నా మీద పడ్డాడు. ఎడమ పాదం సున్నం వేసిన గోడలా ఉంది. వేళ్ళ మీద గోటితో కొడితే కర్రని కొట్టినట్టు వినపడింది. "నొప్పి నేదు బావా. అసలేటీ తెలట్నేదు," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

పాదాన్ని పొయ్యి దగ్గరికి లాగుతుంటే ముసలాయన వచ్చాడు. ఒక్క కేక వేసి నన్ను పక్కకి తోసేశాడు. మంటకి పెడితే మాంసం పోతుందట. గోరువెచ్చని నీళ్ళలో పాదం ముంచి, అది పూర్తిగా మెత్తబడ్డాక గుడ్డలు చుట్టి, బావని మంచు బండిలో తోళ్ళ కింద పడుకోబెట్టాడు. అంత హడావిడిలోనూ వెనక్కి వెళ్ళి, తర్వాత వచ్చేవాళ్ళ కోసం పొయ్యి పక్కన కట్టెలు పేర్చి వచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎలా జరిగిందని అడిగింది. కాలు కడుక్కున్నాడని చెప్పాను. నా భాష సరిగ్గా లేదనుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఆరుబయటా? ఆరుబయటే. ఎందుకు? ఇంట్లోకి వెళ్ళే ముందు కడుక్కోవాలి కాబట్టి. ఆవిడ కలం కింద పెట్టి, "ఎవరు చూస్తున్నారని?" అంది.

మూడు వేళ్ళు నల్లబడ్డాయి. తీసేశారు. అక్కకి చెప్పొద్దని బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కాలు బెణికిందని రాశాం.

తిరిగొచ్చిన రోజు స్టేషను నుంచి గోపాలపట్నం దాకా బావ నా ఒట్టు గుర్తు చేస్తూనే ఉన్నాడు. గేటు దగ్గర అక్క చెంబుతో నిలబడి ఉంది. బావ బూట్లు విప్పకుండా ఆ సంగతీ ఈ సంగతీ మొదలెట్టాడు. "ముందు కాళ్ళు," అని అక్క తనే కూర్చుని, ఎడమ బూటూ మేజోడూ లాగేసి నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ ఆగిపోయింది. ఒక్కొక్క వేలూ తడిమింది. రెండే ఉన్నాయి.

"ఏటిది?"

"మంచు. కాలు కడుక్కున్నాను," అన్నాడు బావ.

అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అక్క చెంబులో మిగిలిన నీళ్ళు కనకాంబరం మొక్కలో పారబోసి లేచింది.

"రండి లోపలికి."

"ఇంకో కాలు కడగనేదు," అన్నాడు బావ.

"అక్కర్నేదు," అని అక్క ఆయన చెయ్యి పట్టుకుని, ఆ ఒక్క బూటుతోనే లోపలికి లాక్కుపోయింది.

ఎర్ర గచ్చు మీద ఎడమ కాలి తడి ముద్రలు వరసగా పడ్డాయి, ఒక్కోదానికి రెండేసి వేళ్ళు. అవి ఆరిపోయేదాకా అక్క వాటి పక్కనే కూర్చుంది.