మా మరిది, మా ట్రాన్స్‌ఫార్మర్ వేడి

మా మరిది పోయాడని మొన్న కోరుట్ల నుంచి ఫోను వచ్చింది. మోటార్ల వైండింగ్ దుకాణంలో పని చేస్తూనే కూలబడ్డాడట. సాగనంపి వస్తుంటే దారిలో ఒకాయన అన్నాడు: "మంచోడే గని, నిరుడు మన మోటార్లు బంద్ పెట్టిచ్చిండు." నాకు అక్షరం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. బంద్ పెట్టించాడో, పంట నిలబెట్టాడో మీరే వినండి!

సారంగాపూర్ దగ్గర మాది కౌలు మడి. నిరుడు తెలంగాణ కోసం సమ్మెలు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. మగవాళ్లు జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు ధర్నాకు పోతూ, కరెంటు రాగానే మోటార్లు వాటంతటవే తిరగాలని ఆటోస్టార్టర్లు పెట్టి పోయేవాళ్లు. వరి పాలుపోసుకునే వేళ. ఒక్క తడి తప్పితే అంతా తాలే.

ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోతే సెగ మొహానికి కొట్టింది. కాలిపోతోందని ఆడవాళ్లమంతా బిందెలు ఎత్తాం! అప్పుడే మరిది బండి దిగాడు.

"వదినా, బిందె దించు! నీళ్లు పోస్తే ముందు నువ్వే పోతవ్!"

"పేలిపోతుంటే సూసుకుంట కూసోమంటవా?"

"పనిజేసేదానికి వేడి ఉండదా? గీ ఎండకు లోపలి నూనె డెబ్బై, ఎనభై డిగ్రీలైనా దానికి మామూలే. గని గా మోత విను. అది మామూలు మోత కాదు."

దూరం నుంచే రేకు మీది రాత చూపించాడు. "ఇరవై అయిదు కేవీఏ. అయిదు హార్స్‌పవర్ మోటార్లు నాలుగో అయిదో మోస్తది. మీరు తొమ్మిది ఎక్కిచ్చిన్రు. కరెంటు రాంగనే అన్నీ ఒక్కపారే లేస్తున్నయ్. లేసేటప్పుడే మోటరు మస్తు కరెంటు గుంజుతది."

"అంటే మా మొగోళ్ల ఆటోస్టార్టర్లే దీన్ని కాల్చుతున్నయన్నట్టు!"

"ఓయబ్బ, మా వదినె ఇంజినీరైంది!"

సిరిసిల్ల మరమగ్గాల మోతలో పని నేర్చిన మనిషి. మామూలు మాట కూడా అరిచే చెప్పేవాడు. మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే ముద్ద చేతిలో ఆపి, "ఫ్యాను బేరింగ్ ఏడుస్తుంది వదినా" అనేవాడు.

ఆ రోజే ఆటోస్టార్టర్లు పీకించాడు. సగం మోటార్లు ముందు, సగం తర్వాత. ఒకటి తిరిగాకే ఇంకొకటి అని వంతులు పెట్టాడు. సాయంత్రం మగవాళ్లు వచ్చి మీద పడ్డారు.

"ఎవల్నడిగి బంద్ పెట్టినవ్?"

"నన్నడుగున్రి!" అని నేను అడ్డం నిలబడ్డాను. "గీ డబ్బా కాలితే నీళ్లు ఏడికెళ్లి అస్తయ్? రేపు తెలంగాణ అస్తే తాలుగింజలు వండి పెడ్తరా?"

మరిది నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పక్క ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలి రిపేరుకు ట్రాక్టరెక్కింది. బాగై తిరిగొచ్చేసరికి వాళ్ల వరి ఎర్రబారింది. మాది చివరి మడి దాకా గింజ పట్టింది! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నిన్న కరెంటు వచ్చినప్పుడు, మరిది పెట్టిన వంతుల ప్రకారమే ఆడవాళ్లు స్టార్టర్ల దగ్గర నిలబడ్డారు. మొదటి మోటారు నీళ్లు పోయగానే అక్కడి కోడలు కొంగు ఊపింది. అది చూసి రెండో మోటారు లేచింది. మళ్లీ ఒక కొంగు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ... ఒకదాని వెనక ఒకటి బీర్పూర్ రోడ్డు వైపు ఎగురుతూ పోయాయి.