వేడి పాలలో వేసిన పొడి

నా తోడికోడలిది గిద్దలూరు, నాది దొనకొండ. ఇద్దరం మార్కాపురంలో ఒకే ఇంట్లో, ఒకే అత్త కింద కాపురం చేస్తున్నాం. ఆమె చేసిన పప్పు కుదురుతుంది, ఆమె పెట్టిన ఊరగాయ కుదురుతుంది, చివరికి ఆమె కూతురు కూడా పేచీ పెట్టకుండా అన్నం తింటుంది. నేను లోపల కుళ్ళుకుంటూ పైకి అక్కా అక్కా అని తిరిగేదాన్ని.

మొన్న వానాకాలంలో ఆ పిల్లకూ, నా నాలుగేళ్ళ కొడుక్కూ ఒకేసారి గొంతు వాచి జ్వరం వచ్చింది. ఇద్దరినీ కలిసే డాక్టరుకు చూపించాం. ఇద్దరికీ ఒకటే యాంటీబయాటిక్ సిరప్ రాశారు. దాంతో కడుపులోని మంచి క్రిములు కూడా చచ్చి కొందరు పిల్లలకు విరేచనాలు అవుతాయట. అలా అవ్వకుండా ఉండడానికి ప్రోబయాటిక్ పొడి పొట్లాలు ఇచ్చారు. ఆపైన ఆయన చెప్పింది నా తలకెక్కలేదు. ఆయన అంతసేపూ ఆమె ముఖం చూసే మాట్లాడారు. నాకు ఒళ్ళు మండి, గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

మా అత్తకు ఒక పట్టింపు ఉంది. జ్వరం వచ్చిన పిల్లల నోట్లోకి పచ్చినీళ్ళు చుక్క పోకూడదు, ఏదైనా కాచి ఇవ్వాల్సిందే. అత్త మెప్పు కోసం నేను ఆ పొడిని పొంగుతున్న పాలలో వేసి, చల్లార్చి పట్టాను. మూడో రోజుకు మావాడికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. మా ఆయన డాక్టరుకు ఫోన్ చేస్తే ఓఆర్ఎస్ నీళ్ళు పడుతూ ఉండమన్నారు. పక్క గదిలో ఆమె కూతురు గెంతుతూ ఆడుకుంటోంది. ఆ నవ్వు వింటే పుండు మీద కారం చల్లినట్టుండేది. ఆమెకు మంచి పొట్లాలిచ్చి నాకు పాతవి అంటగట్టారేమోనని కూడా అనుమానపడ్డాను. పసిపిల్ల మీద కళ్ళలో నిప్పులు పోసుకున్న మనిషిని నేను.

ఆ మధ్యాహ్నం ఆమె పొడిని క్యాన్ నీళ్ళలో కలుపుతుంటే చూశాను. కాచినవి కావు. దొరికింది కదా అని నేరుగా పోయి అత్తకు చెప్పాను. అత్త ఆమెను పిలిచి నిలదీసింది.

ఆమె గొంతు పెంచలేదు. "ఆ పొడిలో ఉండేవి గూడ క్రిములే అత్తా. వేడికి చచ్చిపోతాయంట. వేడి పాలల్లో వేయొద్దని మా ఇద్దరికీ చెప్పినారు."

అత్త నావైపు తిరిగి, "నువ్వెట్ల పడుతుండావు?" అంది.

చెప్పక తప్పలేదు. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. ఆమెతో మాత్రం, "ఇంక పిల్లోనికి గూడ నువ్వే పట్టమ్మా" అంది.

మిగిలిన పొట్లాలు తెచ్చి ఆమె చేతికిచ్చాను. నా దగ్గర తల తిప్పుకునే మావాడు ఆమె ఒడిలో కూర్చుని ఒక్క గుక్కలో తాగేశాడు. రెండు రోజులకు తేరుకున్నాడు. ఆ రెండు రోజులూ నేను గుమ్మంలో నిలబడి, వాడికి తగ్గాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆమె చేతి మీదుగా తగ్గకూడదని కూడా అనుకున్నాను, కన్నతల్లినై ఉండి.