వేలూరు జైలు నుంచి వచ్చిన జాబు

ముందర పట్టాలు పీకేశారన్న కబురు దొనకొండ స్టేషనులో నాకు మొదట చెప్పినది గొర్రెలు కాచే ఎంగటమ్మవ్వ. అవి స్వరాజ్యం గొడవల రోజులు. నేను ఊళ్ళలో ఆడవాళ్ళకు బైబిలు పాఠాలు చెప్పడానికి బాపట్ల నుంచి వచ్చాను. రైలు కదిలేలా లేదు. అవ్వ నా చేతిలో పుస్తకం చూసి, కొంగుముడి విప్పి ఒక జాబు ఇచ్చింది.

"నా కొడుకు స్వరాజ్యమని పోయి వేలూరు జైల్లో ఉండాడు. ఇది వచ్చి వారమాయె. మా ఊళ్ళో చదువొచ్చినోడు వాడొక్కడే. ఎట్లుండాడో చెప్పు బిడ్డా."

"అమ్మా, నేను బాగుండాను," అని చదవగానే అవ్వ కళ్ళు తుడుచుకుంది. తరువాతి మాట దాచడం పాపమని అదీ చదివాను: "దొరల మతం చెప్పే ఆడోళ్ళు వస్తే గడప తొక్కనియ్యవాకు."

అవ్వ పకపకా నవ్వింది. "ఓరి పిచ్చి నాయనా! ఈమెను తరిమితే నీ జాబు నాకెవురు చదువుతారురా?" అని, తన సద్దిలో సగం నాకు పెట్టింది.

ఆ అన్నానికి దేవునికి స్తోత్రం. చదివేవారు మీ ప్రార్థనలో ఆమె కొడుకు కోటయ్యను తలచుకోండి. అతడు క్షేమంగా ఇల్లు చేరాలి, నన్ను గడప తొక్కనియ్యకపోయినా సరే.