బారూదు టమాటలు

నిజాం దిగిండని అందరికి తెలిసింది గని, ఎక్కింది ఎవరో ఇంకా సరిగ్గ తెల్వని రోజులవి. పొద్దంత పటాలమోళ్లు, పొద్దుగూకితే ఎర్రజెండా సంగపోళ్లు. సంచి పట్టుకొని నడిచే మనిషిని ఇద్దరూ అనుమానంగనే చూసేటోళ్లు. అసుంటి కాలంల, వ్యవసాయ శాఖల కొత్తగ నౌకరి దొరికిన నేను, సైకిలు ఎనుక తెల్లపొడి మూట, ముందట టమాట నారు కట్టుకొని హాలియా తొవ్వ వట్టిన. (నా తెలివి ఎంతటిదో దీన్నిబట్టే మీకు తెలుస్తది.) ఆ పొడి అమోనియా ఎరువు. పేడ తప్ప వేరే ఎరువు ఎరుగని రైతులకు చూపియ్యమని మా ఆఫీసరు తోలిండు.

రైతులకంటె ముందుగాల పటాలమోళ్లు చూసిండ్రు. డేరాల కాడ నన్ను ఆపి, పెద్ద మీసాల జమేదారు మూట విప్పి, చిటికెడు తీసి వాసన జూసి, "బారూద్!" అన్నడు. నా చదువంత ఉర్దూలనే గాబట్టి బారూదంటె తుపాకిమందని అర్థమైంది గని, ఆయన తర్కమే అర్థంగాలే. "కాదు సాబ్, చెట్లకు ఏసే ఎరువు" అన్న. "మాది గూడ సేద్యం జేసే ఇల్లే. ఎరువు నల్లగుంటది, కంపు గొడ్తది. ఇది రెండూ చేస్తలేదు" అన్నడు. ఆఖరుకు ఆయనే ఫైసలా జేసిండు: "ఈ డేరాల ముందర ఏసి చూపియ్యి. చెట్టు పెరిగితే ఎరువు, పేలితే బారూద్. అప్పటిదాక నువ్వు ఈడనే."

నా నారు రెండు మళ్లల్ల నాటిన. ఒక మడికి నా పొడి, పక్క మడికి వాళ్ల కంచరగాడిదల లద్ది. నా చెట్లు నల్లటి పచ్చగ, ఏపుగ లేసినయి. నేను మీసం లేని చోట మీసం దువ్వుకుంట తిరిగిన. తీరా కాయలు దిగినంక చూస్తే, ఒక్కొక్కదాని ముడ్డి నల్లగ మాడి ఉన్నది! లద్ది మడిల కాయలు మాత్రం నున్నగ, పెండ్లికొడుకుల తీరుగున్నయి. జమేదారు నా కాయ తిప్పి చూసి, "లోపల నిప్పున్నది. కిందికెల్లి అంటుకుంటాంది" అన్నడు. నా పై ప్రాణం పైన్నే పోయింది.

సరిగ్గ గప్పుడే, నేను డేరాల కాడ చిక్కిన్నని విని, బండి కట్టిచ్చుకొని నన్ను గన్న మా అవ్వ దిగింది. "ఏం తప్పు జేసిండు బిడ్డా మావోడు?" అనుకుంటనే రెండు మళ్లు కలెదిరిగి చూసి, "గీ లద్ది మడి బంగారమున్నట్టున్నది. మావోని ఉప్పు తగిలి గివి మాడిపాయె" అన్నది. జమేదారు నా దిక్కు తిరిగి, "ఏమంటాంది?" అన్నడు. "నా ఎరువు మస్తున్నదంటాంది సాబ్" అన్న. కాని అవ్వ వేలు లద్ది మడినే చూపిస్తుండె, మూతి నా మడి దిక్కు వంకర తిరిగుండె. ఇగ తర్జుమాతోని ఆయనకు పనే లేకపాయె.

ఆ రాత్రి కంటిమీద కునుకు రాలే. చదువుకునేటప్పుడు వెనక బెంచీల నిద్రవోయిన పాఠం ఒకటి సగం సగం యాదికొచ్చింది: అమోనియా ఎక్కువైతే చెట్టు భూమిల సున్నాన్ని గుంజుకోలేదు, సున్నం అందకపోతే కాయ కింద నల్లవడ్తది. తెల్లారి పోయి చూస్తే, డేరాల తొవ్వకు వాళ్లు సున్నం గొట్టి పేర్చిన రాళ్ల పక్కనున్న రెండు చెట్ల కాయలు నా మడిలవే అయినా శుభ్రంగున్నయి! ఉరికి పోయి, "సాబ్, జర సున్నం కావాలె" అన్న. "ఎందుకు, పాన్ కడ్తవా?" అన్నడు గని ఒక బకెట్ ఇప్పిచ్చిండు. దాన్ని నీళ్లల్ల కలిపి నా చెట్ల మొదట్ల పోసిన.

అవ్వ మల్లోపాలి వచ్చేసరికి కొత్త కాయలు మచ్చ లేకుండ పండినయి. జమేదారు రెండు మళ్లకెల్లి చెరొకటి కోసి, ఉప్పద్దుకొని, కండ్లు మూసుకొని తిన్నడు. "బారూద్ కాదు" అన్నడు. నేను ఊపిరి వదిలేలోపట్నే, "కాని రుచి మా కంచరగాడిదలదే. పో, నీకు ఛుట్టీ" అన్నడు.

ఇడిసిపెట్టిన సంగతే నా బుర్రకెక్కలే. గాడిదల కాడ ఓడిపోయిన కోపం ఎక్కింది. "సాబ్, ఇంకో కోతదాక ఉంట. సున్నం జర ముందుగాల ఏస్తే రుచి గూడ వస్తది" అన్న. అవ్వ నా చెవి వట్టి బండి మీదికి గుంజింది: "ఇడిసిపెడ్తే గూడ పోనంటవేందిరా, పిస లేసిందా?"

బండి కదిలినా నేను మెడ తిప్పి ఆ మడినే చూసుకుంట పోయిన. దాని తర్వాత నౌకరి పొడుగూత ఏ చెట్టు ఏం గుంజుకుంటదో చూసుడే నా పనైంది, శానా మళ్లు చూసిన. గని తుపాకుల నడుమ నిలవడి టమాట రుచి కోసం తకరారు వెట్టుకున్న ఆ పిలగానికున్నంత ఇష్కు, అంత పిచ్చి ప్రేమ, మళ్ల నాకు ఎన్నడు రాలే.