కుట్టినవాడే ముందెక్కాలి

ఎల్లాజీ బావ కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అన్నం తింటున్నా మోకాలు ఊగుతూనే ఉండేది. ఆ ఊపు చూసి మా గున్నమ్మక్క, మొగుడి ముందున్న కంచం లాగేసినంత పని చేసేది.

కళింగపట్నానికి ఓడలొచ్చే రోజుల్లో బావా, వాళ్ల నాన్నా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి పడవలు కట్టేవారు. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర్నుంచి ఆ పడవలే ఓడలకు సరుకు మోసేవి. మేకులు కొట్టిన పడవ కెరటానికి పగులుతుందట, కుట్టిందైతే ఒంగుతుందట. కొత్త పడవ నీట దిగితే కుట్టినవాడే ముందెక్కాలి, అది వాళ్ల కట్టుబాటు. కెరటాలు దాటేదాకా అడుగున కూర్చుని, కుట్ల మీద అరచెయ్యి పెట్టి తడి చూసుకోవాలి. మునిగితే ముందు వాడే మునగాలి.

ఓడలు రావడం మానేశాయి. పడవ కావాలని అడిగేవాడే లేడు. అరవై ఏడులో బావ ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి, ఓడలు కట్టేచోట కలాసీగా చేరాడు. వెల్డింగు మేస్త్రీకి ఇనుప రేకులు పట్టుకోవడం పని. ఏడాది నిలబడితే పర్మనెంటు చేస్తామన్నారు. ఆయనకా నిలబడడం? సెలవు దొరికితే చాలు, వచ్చి మొగ దగ్గర అటూ ఇటూ తిరిగేవాడు.

"ఈ ఒక్క ఏడూ కాలు నిలుపుకో మావా. పిల్లలకి కూడు దొరుకుతాది," అని అక్క బతిమాలేది. నాకైతే ఒళ్లు మండేది.

బావ పనిచేసిన ఓడను నీట దించే రోజొచ్చింది. కలాసీలంతా ఒడ్డునే ఉండాలన్నారు. జనం చప్పట్లు కొడుతుండగా ఓడ జారింది. బావ మాత్రం ఒడ్డున లేడు. ఓడ అడుగున, తాను పట్టుకున్న రేకుల దగ్గర గొంతుక్కూర్చుని, అతుకుల మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"ఎవడ్రా నిన్ను ఎక్కమన్నాడు?" అని సూపర్‌వైజరు అరిచాడు.

"నీరు కారతాదేమోనని సూస్తన్నాను బాబూ."

మర్నాటినుంచి పనిలోకి రావద్దన్నారు. ఏడాది నిండడానికి ఇంకెంతో లేదు.

బావ ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే నేనక్కడే ఉన్నాను. నాలుగు దులిపేద్దామని మాట నోటిదాకా వచ్చింది. అక్క ఇల్లెగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను. చేతిలో చేట పక్కన పెట్టి ఆవిడ అడిగింది.

"నీరొచ్చినాదా?"

"సుక్క రాలేదు."

"మరి నిన్నెందుకు తీసేసినారు మావా?"

నాకు ఏడుపొచ్చింది. బావ మోకాలు కదలడం లేదు.