మొదటి పేజీ చదవక్కర్లేదన్నాను

చాలా ఏళ్లుగా ఒక మాట నాలో ఉండిపోయింది. బరువు అందామనుకున్నాను. కానీ బరువైతే మోస్తున్నట్టు తెలియాలి కదా. ఒకే వైపు తిరిగి ఎక్కువసేపు పడుకుంటే చెయ్యి మొద్దుబారుతుంది చూడండి, ఇది అలాంటిది. చెయ్యి ఉంటుంది, మనదేనని తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది పామర్రు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. కోతల రోజుల్లో ఊరంతా దుమ్ము. బడికి పంపితే ఆయాసంతో తిరిగొచ్చేదాన్ని. చివరికి అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పదో తరగతి, ఇంటర్ ఓపెన్ స్కూల్లోనే రాశాను. పొద్దున్నే అమ్మ దేవుని వాక్యంలో ఒక భాగం చదివించి ఒకటే ప్రశ్న వేసేది: "ఇక్కడ ఏం రాసుంది?" నేనేదైనా ఊహించి చెబితే ఒప్పుకునేది కాదు. "అది నీకు తోచింది. రాసున్నది చెప్పు." ఆ చదువుకు ఇప్పటికీ రోజూ దేవునికి వందనాలు చెప్పుకుంటాను. అదే చదువుతో నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విజయవాడలో లా చదివేటప్పుడు స్రవంతి నా స్నేహితురాలు. వాళ్లిల్లు పటమటలో. తరగతి గదిలో నలుగురి మధ్య ఎలా కూర్చోవాలో కూడా తెలియని నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టుకున్నది ఆమే. ఒక కేసు చెబితే అది ఎలా తేలిందో అందరూ చెప్పేవాళ్లు, ఎలా తేలి ఉండాల్సిందో స్రవంతి చెప్పేది.

చివరి ఏడాది బెంగళూరులోని ఒక పెద్ద లా ఫర్మ్‌కు ఇద్దరం అప్లై చేశాం. ముందు ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష. ఒక పేరా ఇస్తారు, దాని కింద ఒక వాక్యం. అది నిజమా, అబద్ధమా, చెప్పలేమా అన్నది నొక్కాలి. నెట్‌లో దొరికిన మాదిరి పరీక్షలు కలిసి చేసేవాళ్లం. చిక్కేమిటంటే, వాటిలో కొన్నిటికి మనకు తెలిసిన చట్టం వాడాలి. కొన్నిటికి పేరాలో ఉన్నది తప్ప ఏదీ వాడకూడదు. ఈ రెండో రకంలో స్రవంతి తడబడేది. పేరాలో లేని సెక్షన్లన్నీ ఆమెకు గుర్తొచ్చేవి. తెలిసినదాన్ని తెలియనట్టు ఎలా ఉంటామే అని నవ్వేది. నాకు మాత్రం అది అమ్మ ప్రశ్నే. మా కాలేజీ నుంచి ఒక్కరినే తీసుకుంటారని సీనియర్లు అనేవాళ్లు. అది నిజమో కాదో ఇప్పటికీ చెప్పలేను.

మా ఊళ్లో నెట్ నిలవదని, పరీక్ష తమ ఇంట్లోనే రాయమంది స్రవంతి. ల్యాప్‌టాప్ ఆమెది, గది ఆమెది. మైకులో ఇంకో గొంతు వినబడితే పరీక్ష రద్దంటారు. వాళ్లమ్మగారు నా కోసం మిక్సీ వెయ్యలేదు, కుక్కర్ పెట్టలేదు. స్రవంతి కిందికి వెళ్లి, కూరగాయల బండి అతన్ని ఆ కాసేపూ అరవొద్దని బతిమాలుకుంది. మళ్లీ ఊరెళ్లాలి కదా అని మొదటి వంతు నాకే ఇచ్చింది.

పరీక్ష తెరవగానే తెర నిండా నియమాలు. ఎవరైనా చదవకుండా కింద నొక్కేసి దాటిపోయే పేజీ. నాకున్న అలవాటు కొద్దీ ప్రతి వరుసా చదివాను. మధ్యలో ఎక్కడో సన్నని అక్షరాల్లో ఉంది: పేరాలో ఉన్నదాన్ని బట్టే జవాబివ్వాలి, బయట తెలిసినది వాడకూడదు. దాని కిందే ఇంకోటి: పరీక్షలో ఏముందో ఎవరికీ చెప్పకూడదు.

రాసి తలుపు తీశాను. స్రవంతి మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉంది.

"ఎలా ఉందే?"

"పర్లేదు."

"పర్లేదేంటే! మొహం చూడు, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు. సరే, ఒక్కటి చెప్పు. పేరాలో ఉన్నదే చూడాలా, మనకి తెలిసిన లా కూడా వాడొచ్చా?"

మజ్జిగ తాగాను. తాగేంత సేపూ నాకు జవాబు తెలుసు.

"వాడాలి మరి. లా ఫర్మ్ కదా, లా వచ్చో రాదో చూడరా?"

"అమ్మయ్య. బతికించావు."

"ఆ మొదటి పేజీ చదవక్కర్లేదు. అన్నీ మామూలే, ఊరికే టైము పోద్ది."

"నువ్వు ముందు రాయడమే మంచిదైందే తల్లీ," అని నా బుగ్గ గిల్లి లోపలికెళ్లి తలుపేసుకుంది.

చెప్పకూడదని నియమమే ఉంది. "చెప్పకూడదటే" అని ఊరుకుని ఉంటే అది తప్పయ్యేది కాదు. ఊరుకునే హక్కు నాకుంది. నేను మాట్లాడాను. ఎందుకు మాట్లాడాను? ముందే అనుకున్నానా? లేదు. కోపమా? ఆమె మీద నాకు ఏనాడూ కోపం లేదు. అసూయ అనే మాట సరిపోతే బాగుండేది, ఆ పేరు పెట్టి ఎక్కడో ఒకచోట పడేసేదాన్ని. ఆమెకు తెలిసిన చట్టమే ఆమెకు అడ్డం పడుతుందని నాకు తెలుసు. తెలిసే, చాలా మామూలు గొంతుతో, ఆమె ఇంట్లో ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి ఆ మాట అన్నాను. ఇంతకంటే లోపలికి వెళ్లి చూస్తే ఏమీ కనబడదు.

తర్వాత మెట్ల మీద కాపలా కూర్చున్నాను. పెరుగమ్మే ఆవిడ వస్తే పెదవి మీద వేలు పెట్టి ఆపాను. ఆమె పరీక్షకు చీమ చిటుక్కుమనకుండా చూశాను. ప్రార్థన చేసుకుందామనుకుంటే మాటలు రాలేదు. వెళ్లి తలుపు కొడితే? పరీక్ష రద్దవుతుంది. అది కూడా నాకు సాకుగా దొరికింది.

నాకు పిలుపొచ్చింది. ఆమెకు రాలేదు.

ఉద్యోగం ఖాయమయ్యాక నాన్న ఇంటి ముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టించారు. మేలు జరిగితే మా వాళ్లు అలా అందరినీ పిలిచి, దేవునికి వందనాలు చెప్పి, భోజనం పెడతారు. పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలును లేచి అందరి ముందూ చెప్పడమే సాక్ష్యం. లేచాను. దేవుడు నాకు జ్ఞానమిచ్చాడని, పరీక్షలో నాకు తోడున్నాడని చెప్పాను. స్రవంతి విజయవాడ నుంచి బస్సులో వచ్చి వెనక వరుసలో కూర్చుంది. మాది ఆమె మతం కాదు, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో కూడా తెలియదు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా కొట్టింది. మొద్దుబారడం అక్కడ మొదలైంది.

స్రవంతి మళ్లీ అలాంటి పరీక్ష ఏదీ రాయలేదు. తన బుర్ర వేరే రకమని, అవి తనకు ఎక్కవని అంటుంది. నిజంగానే నమ్ముతోంది. విజయవాడ కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. బాగానే ఉన్నానంటుంది. నేను ఇంకోసారి అడగను.

ఈ మధ్య ఆమె చెల్లెలు లాస్య ఇలాంటి పరీక్షకే సిద్ధమవుతూ నాకు ఫోన్ చేసింది. మొదటి పేజీ పూర్తిగా చదవమని, పేరాలో ఉన్నది తప్ప ఏదీ వాడొద్దని చెప్పాను.

"అదేంటక్కా, మా అక్క తెలిసిందంతా వాడమందే?"

"మీ అక్క పొరబడిందమ్మా."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఫోన్ పెట్టేసి నా చెయ్యి చూసుకున్నాను. నాదేననిపించలేదు.

పొరబడింది స్రవంతి కాదు. నేనూ పొరబడలేదు.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానని ఇక్కడ మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. పొద్దున ప్రార్థనలో అమ్మకు, ఆరోగ్యానికి, అన్నానికి వందనాలు చెప్పుకుంటూ వచ్చి, ఉద్యోగం దగ్గర ఆగి దాటేస్తున్నాను. క్షమించమని దేవుణ్ణి అడగొచ్చు. కానీ అడగాల్సింది ముందు ఆయన్నేనా?

మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. దీన్ని మా అమ్మ చదివించినట్టు చదవండి. చిన్నపిల్ల కదా, భయపడి ఉంటుంది, నోరుజారి ఉంటుంది అని మీకు తోచవచ్చు. అవేవీ నేను రాయలేదు. ఇక్కడ రాసున్నది ఇంతే: స్రవంతి అడిగింది. నాకు తెలుసు. అబద్ధం చెప్పాను.

ఇవాళ్టిదాకా ఈ మాటలు ఎక్కడా రాసి లేవు. ఇప్పుడున్నాయి. కొంచెం ఊపిరాడుతోంది.