బదులు నీళ్లు

ఫిల్మ్‌నగర్ కొండవాలులో మా కాలనీ వెలసిన తొలి సంవత్సరాలలో, ఎనభైలలో, మంచినీటి కుళాయి ఉండేది గాని వేసవి వస్తే అందులోంచి గాలి తప్ప నీరు వచ్చేది కాదు. నివాసుల సంఘానికి నేను కార్యదర్శిని. కాలనీ దిగువన బర్రెలకు పచ్చగడ్డి పెంచే రైతులు కొందరు ఒక పెద్ద బావిని ఉమ్మడిగా వాడుకుంటూ, తమదీ ఒక నీటి సంఘమేనని చెప్పుకొనేవారు. ఆ బావినీరు తాగడానికి యోగ్యమైనది. మా ఇళ్ల బోర్ల ఉప్పునీరు స్నానాలకే పనికివచ్చేది, ఆ వాడిన నీరు వారి గడ్డికి చాలు. ఆ నీరు పారే మా కాలువ వారి మడులకు, వారి బావి మోటారు మా తొట్టికి. ఆ ఏర్పాటు కుదిర్చినది నేనే.

"ఇవి బదులు నీళ్లండీ," అని ఆనాడే వారి పెద్దకు స్పష్టంగా చెప్పాను.

"అవు సార్, బదలా," అన్నాడాయన.

ఇద్దరమూ ఒకే మాట అన్నామని ఇద్దరమూ అనుకున్నాము.

మా గోదావరి జిల్లాలో బదులంటే అప్పు. పొరుగింటి నుంచి గ్లాసెడు పంచదార బదులు తెచ్చుకుంటాము, మనకు ఉన్ననాడు తిరిగి ఇస్తాము. వానాకాలమంతా మా కాలువ వారి మడుల్లోకి నిండుగా పారింది. అప్పుడు వారి బావితో మాకు అవసరం పడలేదు. కనుక ఆ నీటిని ఎండల్లో తీర్చవలసిన బాధ్యత వారిదని నా నిశ్చయం.

ఎండలు ముదిరాయి. కుళాయి ఆగింది. షూటింగులకు అద్దెకిచ్చే ఒక బంగళా యజమాని తన పచ్చిక కోసం కాలువకు పైనే అడ్డుకట్ట వేసుకున్నాడు. దిగువకు నీరు సన్నబడింది. ఆ వెంటనే రైతులు మోటారు ఆపారు.

వెళ్లి అడిగాను. గట్టు మీద నిలబెట్టే మాట్లాడారు, కూర్చోమన్నవాడు లేడు. వానాకాలమంతా బదులు ఇచ్చామనీ, ఇప్పుడు తీర్చడం న్యాయమనీ చెప్పాను.

"బదలా అంటే అప్పు గాదు సార్," అన్నాడు పెద్ద. "గీ చేతిల ఇచ్చుడు, గా చేతిల తీసుకునుడు. వానాకాలం నీళ్లు మొగులిచ్చింది. నువ్వియ్యలే."

నిఘంటువు చూసుకోమన్నాను. నిఘంటువుల మోటరుంటే గాడనే నింపుకోమని వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు.

"బదలాకు ఇంకో అర్థం గూడ ఉన్నది," అన్నాడు పెద్ద, నవ్వకుండా. "గది గూడ సూస్కో సార్."

ఉర్దూలో ఆ మాటకు పగ అని కూడా అర్థమని చెప్పడానికి నాకు నిఘంటువు అక్కరలేదు.

తిరిగి వచ్చి, ముందు బంగళావాడి అడ్డుకట్ట పగలగొట్టించాను. అతడు నన్ను నోటికి వచ్చినట్టు తిట్టాడు. తరువాత కాలువ చివర చెక్క పలక దింపి నీటిని నిలిపాను. మోటారు వేస్తే పలక ఎత్తుతామని కబురు పంపాను. పలక ఎత్తితే మోటారు వేస్తామని జవాబు వచ్చింది.

మరునాడు ఉదయం ఇద్దరమూ ఒకరికొకరం కనబడే దూరంలో నిలుచున్నాము. మోటారు గది గుమ్మంలో ఆయన, పలక దగ్గర నేను. ఖాళీ తొట్టి చుట్టూ ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. వారిలో నా భార్య కూడా ఉంది.

"ఎత్తండి," అంది దగ్గరికి వచ్చి. "ఇంట్లో తాగడానికి చుక్క లేదు."

ఈరోజు లొంగితే రోజూ లొంగాలని చెప్పాను. ఆమె తిరిగి తొట్టి దగ్గరికి వెళ్లింది.

ఎండ ఎక్కింది. ఎవరమూ కదలలేదు. పలక వెనుక నీరు పెరిగి, అంచు దాకా వచ్చి, చివరికి పలకనే పక్కకు తోసేసి ఒక్కసారిగా వారి మడుల్లోకి దూకింది.

"నీరు చేరింది," అని కేక వేశాను. "ఇక మోటారు వేయండి."

"నువ్వెత్తలే సార్. అదే దుంకింది."

ఆయన మోటారు గదికి తాళం వేసి, పార తీసుకొని, నీటిని మడి మడికీ మళ్లించుకోసాగాడు. ఎండిన గడ్డి తడుస్తుండగా నేను చూస్తూ నిలబడ్డాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే బిందెలు ఎత్తుకొని, కొండకు అవతల ఉన్న బస్తీ బోరింగు దారి పట్టారు. నా భార్య తన బిందె తెచ్చి నా చేతుల్లో పెట్టి, నాకంటే ముందుగా నడిచింది.